పర్మిట్ రూము, పైపులకు మాత్రమే

మూడోసారి లాగిన దూది కూడా గోధుమరంగుగానే వచ్చింది. జకరయ్య తాత దాన్ని వెలుతురుకేసి పట్టి చూశాడు.

"ఇంకోసారి, దేవమ్మా."

తీగకి కొత్త దూది చుట్టాను. సీసా మూతలో పోసిన స్పిరిట్‌లో ముంచి, బొట్టు కారకుండా అంచుకి రాశాను. పైపు కాడలోకి మెల్లగా దూర్చి అవతలి నుంచి లాగాను. ఈసారి తెల్లగా వచ్చింది.

"అదీ. ఇక ఆరనియ్యి. రేపు పొద్దున ఊదుదాం."

రోజుకి రెండు పైపులు, తాతకీ ఆయనకి సాయంగా ఉన్న నాకూ పని. మొత్తం ముప్పై ఎనిమిది ఉన్నాయి కాబట్టి పంతొమ్మిది రోజులకి ఒక చుట్టు తిరుగుతుంది. మాది పొగాకు మ్యూజియం. ఒకప్పుడు పొగాకు కంపెనీ దొర కాపురమున్న బంగళా అది. దొర వెళ్లిపోతూ పైపులు వదిలేసి వెళ్లాడు, వాటితోపాటు వాటిని తుడిచే జకరయ్య తాతని కూడా. తర్వాత కంపెనీ పోయి ప్రభుత్వం వచ్చింది. ప్రభుత్వం పైపులకి అద్దాల బీరువా చేయించింది, తాతకి పెరటి గది వదిలింది. పాత మసి కాడ లోపల అంటుకునే ఉంటుంది, వానాకాలం చెమ్మకి దానిమీద బూజు పడుతుంది. అందుకని ఎవరూ తాగని పైపుల్ని కూడా తుడవాలి. 'పొగ తాగరాదు' అన్న బోర్డు కింద చాప వేసుకుని ఇద్దరం ఆ పని చేసేవాళ్లం.

దేనితో తుడవాలో తాతకి బాగా తెలుసు. నీలం స్పిరిట్ విషం, చెక్కలోకి ఇంకితే వదలదు. గోళ్లరంగు తుడిచే మందు కాడ నునుపు తినేస్తుంది. నీళ్లు అసలే కూడవు, పైపు చెక్కిన వేరు చెక్క ఉబ్బి పగులుతుంది. హోమియో డాక్టరు మాత్రల్లో వేసే తెల్ల స్పిరిట్ ఒక్కటే మంచిది, అదీ దూదికి తడి తగిలేంత. తుడిచిన మర్నాడు, వాసన కూడా మిగలకుండా ఆరాక, కాడని పెదవుల మధ్య పెట్టుకుని ఒక్కసారి ఊదేవాడు. దారి శుభ్రంగా ఉంటే సన్నటి ఈల వచ్చేది. "ఇది పలికింది," అని బీరువాలో పెట్టేవాడు. పలకని పైపు మళ్లీ చాప మీదికి వచ్చేది.

అన్నేళ్లు స్పిరిట్ సీసాతో కాపురం చేసి కూడా ఆయన మందు చుక్క ఎరగడు. వాళ్ల నాన్న సారా తాగి తాగి చచ్చిపోయాడు. ఆ రోజే తాత, జన్మలో తాగనని తల్లి చేతిలో చెయ్యేశాడు. చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ, ఇచ్చేటప్పుడు ద్రాక్షరసం పాత్ర పట్టుకుని పాస్టరు గారి పక్కన నిలబడేది ఆయనే. ముప్పై ఏళ్లుగా ఆయనే. మ్యూజియంలో తాత హోదా ఏమిటో ఏ కాగితంలోనూ లేదు. ఊళ్లో ఆయన హోదా మాత్రం ఆ పాత్ర.

ఆషాఢంలో జాయింట్ డైరెక్టరు త్రివిక్రమరావు గారు తనిఖీకి వచ్చారు. అప్పుడే పైనుంచి 'సురక్షిత ద్రవ విధానం' అని కొత్త ఉత్తర్వు వచ్చి ఉంది. ప్రభుత్వ సంస్థల్లో వాడే ప్రతి ద్రవమూ మనుషులకి సురక్షితంగా ఉండి తీరాలి. క్రితం రోజే ఆయన ఒక ఆసుపత్రిలో ఫినాయిలు మాన్పించి వచ్చారట.

చాప దగ్గర ఆగి గాలి పీల్చారు.

"ఇదేం ద్రవం?"

"స్పిరిటండీ," అన్నారు మా క్యూరేటరు భావనారాయణ గారు. ఆయన పశువైద్య శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన మనిషి. చాలా మంచివారు. ఎవరేమన్నా తలని అడ్డంగానూ నిలువుగానూ కాకుండా గుండ్రంగా ఊపేవారు.

"తాగొచ్చా?"

"అబ్బే, కూడదండీ."

"తాగకూడని ద్రవాన్ని నోట్లో పెట్టుకునే వస్తువులో పూస్తున్నారన్నమాట."

"ఇక్కడెవరూ నోట్లో పెట్టుకోరండీ. అద్దాల బీరువాలో ఉంటాయి."

త్రివిక్రమరావు గారు కళ్లజోడు తీశారు.

"పెట్టుకుంటే?"

భావనారాయణ గారి తల గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. తాత ఏదో చెప్పబోయాడు, కానీ అప్పటికే సారు గుమాస్తాకి చెప్పి రాయిస్తున్నారు. ఆ సాయంత్రం స్పిరిట్ సీసాకి లక్క సీలు పడింది. సురక్షిత ద్రవం తేలేదాకా పైపుల్ని ఎవరూ తాకకూడదన్నారు.

తేల్చడానికి 'పైపు శుద్ధి ద్రవ నిర్ధారణ సంఘం' వేశారు. శ్రావణం, భాద్రపదం గడిచాక మా హాల్లోనే సమావేశం పెట్టారు. ఈలోగా బీరువాలో పైపులకి తెల్లగా నూగు పట్టింది. సందర్శకులు అది వయసు వల్ల అనుకున్నారు.

సమావేశానికి నేను టీ అందించాను. బల్ల మీద ఐదు గాజు గ్లాసుల్లో ఐదు ద్రవాలు పెట్టారు. లేబొరేటరీ నుంచి వచ్చినాయన చిన్న కాగితం చదివారు. "మొదటి మూడూ తాగితే మనిషి పోతాడు. నాలుగోది తాగితే ఏమవుతుందో చెప్పలేం. ఐదోది జనం రోజూ తాగుతూనే ఉన్నారు."

"ఐదోది ఏమిటి?"

"రమ్ము."

త్రివిక్రమరావు గారు గొంతు సవరించుకుని, "ప్రజామోదం పొందిన ద్రవం," అన్నారు. గుమాస్తా రాసుకున్నాడు.

"అయ్యా, మరి హోమియో స్పిరిటు," అన్నాడు తాత గుమ్మం అవతల నుంచి.

"దాని సీసా మీద చీటీ లేదు. చీటీ లేని ద్రవాన్ని ఈ సంఘం గుర్తించదు."

"రమ్ములో పంచదార మడ్డుంటదయ్యా. కాడకి జిగురు పడతది. చీమలొస్తాయి."

"చీమలు ఈ సంఘం పరిధిలోకి రావు. ఈయనెవరు?"

"పైపులు తుడిచేది ఈయనేనండీ," అన్నారు భావనారాయణ గారు.

"అయితే సంబంధిత వ్యక్తి. సంబంధిత వ్యక్తులు సమావేశంలో ఉండకూడదు, నిష్పాక్షికత దెబ్బతింటుంది." తాత పెరట్లోకి వెళ్లిపోయాడు. తీర్మానం పాసయింది: మనిషి తాగగల ద్రవమే పైపుకి సురక్షితం.

దసరా వెళ్లాక రమ్ము వచ్చింది. దానితోపాటు ఎక్సైజు ఇన్‌స్పెక్టరు చెంచురామయ్య గారు కూడా వచ్చారు. ఆయన కోపిష్టి కాదు. చట్టం నోటికొచ్చిన మనిషి, అంతే. సీసా చూశారు, చాప చూశారు, నన్ను చూశారు.

"ఇక్కడ సీసా మూత తీస్తారా?"

"తీయకపోతే ఎట్లా అండీ?" అన్నాను.

"తీస్తే మా చట్టంలో దీన్ని తాగే చోటంటారు. పర్మిట్ రూము ఉండాలి."

"తాగేది మేం కాదండీ," అన్నారు భావనారాయణ గారు. "పైపులకి పూయడానికి."

"ఎవరు తాగుతారన్నది నాకనవసరం, క్యూరేటరు గారూ. మూత తీశాక లోపలున్నది తగ్గుతుందా లేదా?"

"తగ్గుతుందండీ."

"అయితే సేవనం జరిగినట్టే."

వెనక వసారాకి తడికలు కట్టించి పర్మిట్ రూము చేశారు. బయట బోర్డు పెట్టారు: 'పర్మిట్ రూము. పైపులకు మాత్రమే. మద్యపానం ఆరోగ్యానికి హానికరం.' ఎదురుగా బడి ఉంది కనక పైపులేవీ బడి వైపు వెళ్లవని క్యూరేటరు గారు హామీపత్రం రాసిచ్చారు. పర్మిట్ రూములోకి వచ్చే ప్రతి దానికీ ఇరవై ఒక్క ఏళ్లు నిండాయని రుజువు కావాలన్నారు. ముప్పై ఏడు పైపులకి కంపెనీ కాగితాలు దొరికాయి. పదిహేడో నంబరుకి దొరకలేదు. తాత దాన్ని తను పుట్టకముందు నుంచీ దొర వాడుతున్నాడని చెప్పాడు. అయితే తాత ఎప్పుడు పుట్టాడో రుజువు చూపమన్నారు. అదీ లేదు. అందుకని పదిహేడో నంబరు పైపుని మైనరుగా రాసి, బీరువాలో కింది అరలో విడిగా పెట్టారు.

పని వేళ పదకొండు నుంచి పన్నెండు. ఆ గంటలో సీల్ తీయాలి, తుడవాలి, ఊది చూడాలి, బీరువాలో పెట్టాలి, మళ్లీ సీల్ వేయాలి. తడి పైపు గది దాటితే మద్యం రవాణా కిందికి వస్తుందట.

"ఆరకుండా ఊదితే ఎట్లాగయ్యా?" అన్నాడు తాత. "ఒక రోజు ఆగాలి."

"రాత్రంతా తెరిచి ఉంచే పర్మిట్ రూము ఈ జిల్లాలో లేదు పెద్దాయనా," అన్నారు చెంచురామయ్య గారు.

"పోనీ ఊదడం మానెయ్యి తాతా," అన్నాను నేను, ఆయన వెళ్లాక. "పలికిందో లేదో ఇప్పుడెవరు అడుగుతున్నారు?"

తాత నావైపు చూసిన చూపుకి తల దించుకుని దూది చుట్టుకున్నాను.

మొదటి రోజు రెండు పైపులు తుడిచాం. తాత చొక్కా అంచుతో కాడని తుడిచాడు, మళ్లీ తుడిచాడు, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. పెదవులు బిగించి, కళ్లు మూసుకుని ఊదాడు. పలికింది. వెంటనే నీళ్లకుండ దగ్గరికెళ్లి నోరు పుక్కిలించుకున్నాడు.

మూడు రోజులయ్యాక చెంచురామయ్య గారు సీసాని కొలిచారు. దూదికి వాడిన లెక్క పోను రెండు మూతలు తక్కువొచ్చింది.

"ఎక్కడికి పోయింది?"

"ఆవిరైపోయిందండీ," అన్నాను.

ఆయన తడికల మధ్య ఖాళీ జాగాని చాలాసేపు చూశారు. "ఈ గాలి ఎవరి చార్జిలో ఉంది?"

భావనారాయణ గారి తల తిరిగింది. గాలి ఎవరికీ అప్పగించి లేదు కాబట్టి, తగ్గింది మనుషుల్లో ఉండాలని తేలింది. మర్నాడు ఊదే మిషను తెచ్చారు, రోడ్డు మీద పోలీసులు లారీ డ్రైవర్లకి పెట్టేదే. రోడ్డు మీద ముప్పై దాకా మాఫీ ఉంటుంది. మ్యూజియంలో సున్నా దాటకూడదు.

నేను ఊదాను. సున్నా. తాత అప్పుడే రెండో పైపు పలికించి బీరువాలో పెడుతున్నాడు. కుండ దాకా వెళ్లనివ్వలేదు.

"ఊదు పెద్దాయనా."

"నోరు పుక్కిలించుకుని వస్తానయ్యా."

"సాక్ష్యం కడిగేస్తావా?"

తాత ఊదాడు. మిషను కుయ్యిమంది. నలభై రెండు.

అక్కడున్నవాళ్లలో తాత తాగాడని అనుకున్నవారు ఎవరూ లేరు. ఆ మాట చెంచురామయ్య గారే అన్నారు. "నాకు తెలుసు పెద్దాయనా, నువ్వు తాగలేదు. కానీ నలభై రెండు వచ్చినవాడు తాగాడు." నంబరు కాగితం మీద అచ్చయి వచ్చింది. కాగితం త్రివిక్రమరావు గారికి వెళ్లింది. రెండో రోజుకల్లా ఆయనే దిగారు, వెలిగిపోతున్న మొహంతో.

"ఏమన్నాను నేను? పెట్టుకుంటే అన్నానా? అందరూ నవ్వుకున్నారు. ఇప్పుడు చెప్పండి, నోట్లో పెట్టుకునేవాడు ఉన్నాడా లేదా? మ్యూజియంలోనే ఉన్నాడు!"

"ఆయన దారి చూడ్డానికి ఊదుతాడండీ," అన్నాను. ఆ ఏడాది మొత్తం మీద ఆయన ముందు నేను నోరు విప్పింది అదొక్కసారే.

"ఊదాడా, పీల్చాడా అన్నది దిశకు సంబంధించిన విషయం," అన్నారు ఆయన. "కాడ నోట్లో ఉంది. మిగతావన్నీ వివరాలు."

తాతని పని నుంచి ఆపారు. గది మాత్రం ఖాళీ చేయించలేదు, విచారణ తేలేదాకా ఉండమన్నారు.

మ్యూజియంలో ఉదయం జరిగింది మధ్యాహ్నానికి ఊళ్లో ఉంటుంది. ఆ వచ్చే ఆదివారం బల్ల. సోమవారం తాతే చెప్పాడు, పెరటి అరుగు మీద కూర్చుని, కాళ్లకేసి చూస్తూ.

"పాస్టరు మంచోడే దేవమ్మా. ఆఫీసు కాగితంలో తాగావని ఉందంట కదా తాతా, తాగలేదని ఇంకో కాగితం తెచ్చుకో, పాత్ర నీదే అన్నాడు. నిన్న పాత్ర సుందరం కొడుకు పట్టుకున్నాడు. చేతులు వణికించాడు, తెల్లగుడ్డ మీద ఒలికించాడు."

"నీకు బల్ల ఇచ్చారా?"

"ఇచ్చారు. వెనక బెంచీలో కూచుని తీసుకున్నా."

తాగలేదని ఒక్క కాగితం. తాతకి కావాల్సింది అంతే. నేనే భావనారాయణ గారి గదిలోకి వెళ్లి అడిగాను. ఆయన సొరుగులన్నీ వెతికారు. చివరికి ఒక అచ్చు ఫారం తీశారు.

"తాగలేదని ఇచ్చే ఫారం మన శాఖలో లేదమ్మా పేరిందేవీ. తాగి మానేశానని ఇచ్చేది ఒకటుంది. చూడు, చాలా మంచి ఫారం. ఇది నింపితే పని కూడా తిరిగొస్తుంది."

తాతని పిలిచి చదివి వినిపించారు. 'ఎన్నేళ్ల నుంచి తాగుచున్నారు' దగ్గర మూడు గడులున్నాయి: ఐదేళ్లలోపు, పదేళ్లలోపు, పదేళ్లు పైబడి.

"తాగలేదన్న గడి లేదయ్యా?"

"తాగనివాడికి ఫారం ఎందుకు తాతా?"

"అదేనయ్యా నేనూ అడిగేది."

భావనారాయణ గారు కుర్చీలోంచి లేచొచ్చి తాత భుజం మీద చెయ్యేశారు. "ఐదేళ్లలోపు అని పెట్టు. అన్నిట్లోకీ అదే చిన్నది. నేనూ ఇట్లాంటి సంతకాలు ఎన్ని పెట్టానో! ఆరోగ్యంగా ఉన్న ఎద్దుకి జబ్బు నయమైందని కూడా రాసిచ్చాను. ఎద్దు ఏమీ అనుకోలేదు."

"అది చర్చికి రాదు గదయ్యా," అన్నాడు తాత.

ఫారం మడిచి నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

ఈలోగా సంఘం మళ్లీ కూర్చుంది. మనిషి తాగగలిగేదై ఉండాలి, కానీ మిషను కుయ్యిమనకూడదు. రెండు షరతులకీ సరిపడే ద్రవం కోసం మధ్యాహ్నం దాకా చర్చించారు. భోజనాల వేళ త్రివిక్రమరావు గారు మంచినీళ్ల గ్లాసు ఎత్తి, తాగబోయి, ఆగి, దాన్ని వెలుతురుకి పట్టి చూశారు. అందరూ భోజనం ఆపి చప్పట్లు కొట్టారు.

'సురక్షిత ద్రవ వారోత్సవం' మా బంగళాలోనే ప్రారంభించాలని నిర్ణయించారు. ముందురోజు సాయంత్రం ముప్పై ఎనిమిది గాజు సీసాల్లో క్యాను నీళ్లు పోసి, ఒక్కో సీసాలో ఒక్కో పైపుని ముంచి, వరసగా బల్ల మీద పేర్చారు. పదిహేడో నంబరు కూడా అందులో ఉంది. నీళ్లకి వయసు నిబంధన లేదు.

"నీళ్లలో వేస్తే చెక్క పగులుతుందండీ, తాత చెప్పేవాడు," అన్నాను భావనారాయణ గారితో.

"నీళ్లకి వ్యతిరేకంగా నేనెట్లా రాయనమ్మా?" అన్నారు ఆయన. నిజంగానే బాధపడ్డారు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికే కుర్చీలు వేశారు. బ్యానరు కట్టారు. ఊరివాళ్లు, బడి పిల్లలు, ముందు వరసలో పాస్టరు గారు కూడా వచ్చారు. కార్యక్రమంలో చివరి అంశం తాతకి ముందుగా ఎవరూ చెప్పలేదు, వేదిక మీదే చెప్పారు. నీళ్లతో శుద్ధి చేసిన పైపుని జకరయ్య నోట్లో పెట్టుకుని ఊదాలి. ఆ వెంటనే మిషనులో ఊదాలి. మిషను సున్నా చూపిస్తుంది. అప్పుడు ఫారం మీద సంతకం పెడితే పని తిరిగి ఇస్తారు.

"ఈ వృద్ధుడు," అన్నారు త్రివిక్రమరావు గారు మైకులో, "నిన్నటిదాకా మత్తుకి బానిస. ఇవాళ మన విధానం వల్ల విముక్తుడు. ఇతనే మన మొదటి లబ్ధిదారుడు. చప్పట్లు!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. పాస్టరు గారు కొట్టలేదు.

తాత ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు, ఆదివారం వేసుకునేది. వేదిక పక్కన ముక్కాలిపీట మీద ఫారం, దానిమీద కలం, పక్కన చెంచురామయ్య గారి చేతిలో మిషను. నన్ను ఒక సీసా అందించమన్నారు. నేను పదిహేడో నంబరుది తీశాను. నీళ్లు రాత్రికి రాత్రే టీ రంగుకి తిరిగాయి. పైపుని బయటికి తీసి, గుడ్డతో తుడిచి, తాత చేతిలో పెట్టాను.

తాత దాన్ని వెలుతురుకేసి పట్టాడు. గిన్నె అంచు నుంచి కాడ మొదలు దాకా వెంట్రుకవాసి గీత. బొటనవేలితో దాని వెంట రాశాడు. వేలు ఆగిన చోట చిన్నగా 'టిక్' మంది, గీత కాస్త తెరుచుకుంది. బల్ల మీద మిగిలిన సీసాల వైపు చూశాడు. అప్పటికే రెండు మూడింటి అడుగున చెక్క పెచ్చులు కనిపిస్తున్నాయి.

"ఊదు తాతా," అన్నారు భావనారాయణ గారు మెల్లగా. "ఒక్క ఊదు. ఒక్క సంతకం. అంతే."

"ఊదండి," అన్నారు మైకులో.

తాత పైపుని పెదవుల దాకా తీసుకెళ్లాడు. ఆయన ఊదలేదు. దాన్ని దించి, చొక్కా అంచుతో ఇంకోసారి ఒత్తి తుడిచి, తడి ఆరేలా కాడ పైకి ఉండేట్టు, ఫారం మీద బోర్లించాడు. 'పదేళ్లు పైబడి' అన్న గడి మీద నీళ్లు ఇంకి గుండ్రంగా మచ్చ పడింది. మొలలోంచి పెరటి గది తాళంచెవి తీసి దాని పక్కన పెట్టాడు.

చెంచురామయ్య గారు మిషను ముందుకి చాచి అలాగే పట్టుకుని ఉన్నారు. ఆయన చెయ్యి కింది నుంచి వంగి, తాత వేదిక దిగాడు. పెరటి వైపు తిరుగుతాడనుకుని నేను పక్కకి తప్పుకున్నాను. పన్నెండో ఏట నుంచి ఆయన వచ్చిందీ పోయిందీ ఆ పెరటి గుమ్మంలోంచే. ఆయన కుర్చీల మధ్య నుంచి నడిచాడు. పాస్టరు గారు లేచి నిలబడ్డారు. తాత బ్యానరు అంచు తలకి తగలకుండా చేత్తో ఎత్తి పట్టుకుని, ముందు గుమ్మం దాటి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.